మా నాన్న చదువు గొప్పదా, నాదా? ఒక ఇంజనీరింగ్ అధ్యాపకుడి జవాబు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా నాన్న 1990ల్లో బీటెక్ చేశారు. నేను యూట్యూబ్‌లో పాఠాలు వింటున్నా, చాట్‌జీపీటీని అడిగి అసైన్‌మెంట్ చేసుకుంటున్నా 'ఇదేం చదువమ్మా, మా రోజుల్లో ఇలా లేదు' అంటారు. నిజంగానే మా తరం చదువు తక్కువదా? టెక్నాలజీ చదువును బాగుచేసిందా, పాడుచేసిందా? ఇంకోటి, ల్యాప్‌టాప్ కొనమంటే ఫోన్ చాలదా అంటున్నారు. ఏం చెప్పమంటారు?"

అమ్మా, నేను 1980ల మొదట్లో ఇంజనీరింగ్ చదివాను. రిటైరయ్యేదాకా పాఠాలు చెప్పాను, ఇప్పటికీ కొన్ని క్లాసులు తీసుకుంటున్నాను. మీ నాన్నగారి తరమూ నా ముందు బెంచీల్లో కూర్చుంది, నీ తరమూ కూర్చుంటోంది. నా విద్యార్థుల వయసుదానివి కాబట్టి చనువుగా నువ్వు అనే అంటాను.

మీ తరం చదువు తక్కువదేం కాదు. కానీ మీ నాన్నగారి బెంగను కొట్టిపారేయలేం. నేను చూసినంతలో కాలేజీలోకి వచ్చిన ప్రతి కొత్త సాధనమూ విద్యార్థి చేతుల్లోంచి ఏదో ఒక పనిని తీసుకుంది. వాటిలో చాలావరకు వట్టి చాకిరీ. అది పోయినందుకు ఎవరూ బాధపడక్కర్లేదు. కొన్ని పనులు మాత్రం పైకి చాకిరీలా కనిపించేవి, అసలు చదువు వాటిలోనే జరిగేది. అవి పోయినప్పుడు ఆ స్థానంలో మరొకటి పెట్టుకోవాలి. మన కాలేజీలు చాలాసార్లు ఏమీ పెట్టలేదు. ఏది చాకిరీ, ఏది చదువు అని విడదీసి చూస్తే మీ ఇంట్లో ఈ గొడవ సగం తగ్గుతుంది.

మా రోజుల్లో మొదటి కష్టం పుస్తకం దొరకడమే. లైబ్రరీలో చెక్క సొరుగుల నిండా కార్డులుండేవి. కార్డు దొరికినంత మాత్రాన పుస్తకం దొరికేది కాదు. ఉన్న రెండు మూడు కాపీలూ ఎవరో సీనియర్ల రూముల్లో ఉండేవి. కొనుక్కోవాలంటే విజయవాడ లెనిన్ సెంటర్లోనో, హైదరాబాద్ కోఠీలోనో పాత పుస్తకాల షాపులు తిరగాలి. పుస్తకం లేనివాడు క్లాసులో రన్నింగ్ నోట్స్ రాసుకోవాల్సిందే. క్లాసుకు రాలేకపోయినవాడు స్నేహితుడి నోట్సు తెచ్చుకుని రాత్రి కూర్చుని ఎత్తిరాసుకునేవాడు.

జెరాక్స్ మిషన్లు చిన్న పట్టణాలకు కూడా వచ్చాక ఆ ఎత్తిరాత పోయింది. దాంతో చేతినొప్పీ పోయింది, ఇంకొకటి కూడా పోయింది. ఒక డెరివేషన్ చేత్తో రాస్తున్నప్పుడు మూడో లైనుకీ నాలుగో లైనుకీ మధ్య ఏం జరిగిందో అర్థం కాకపోతే కలం ఆగుతుంది. ఆగిన చోట పక్కవాణ్ణి అడుగుతాం. జెరాక్స్ కాపీకి ఆ ఆగడం లేదు. కట్ట చేతికొచ్చేసరికే సగం చదివేశామన్న ధైర్యం వచ్చేది. మీ నాన్నగారి తరం సరిగ్గా ఈ జెరాక్స్ తరమే. పరీక్షల ముందు కాలేజీ గేటు ఎదురుగా జెరాక్స్ షాపు దగ్గర ఎంత రద్దీ ఉండేదో ఆయన్నే అడుగు. ఇప్పుడు నీ వాట్సాప్ గ్రూపులో పడి ఉన్న పీడీఎఫ్‌లు కూడా అదే జాతి. ఫోన్లో రెండొందల పీడీఎఫ్‌లుండి ఒక్కదానికీ పదో పేజీ దాటని పిల్లలు నాకు తెలుసు. నీ తరానికి కొత్తగా వచ్చిన జబ్బు కాదిది, జెరాక్స్ రోజుల నుంచీ ఉన్నదే.

లెక్కల సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాకిరీ, చదువు ఎలా కలిసిపోయి ఉంటాయో ఇక్కడ బాగా తెలుస్తుంది. మాకు క్లార్క్స్ టేబుల్స్ అనే లాగరిథమ్ పట్టికల పుస్తకం ఉండేది. రెండు సంఖ్యల లాగ్‌లు కూడితే వాటిని హెచ్చిస్తే వచ్చే సంఖ్యకు లాగ్ వస్తుంది. 47.3ను 0.0826తో హెచ్చించాలనుకో. 47.3లో పాయింటుకు ముందు రెండంకెలు ఉన్నాయి కాబట్టి క్యారెక్టరిస్టిక్, అంటే లాగ్‌లో పాయింటుకు ముందు భాగం, 1. టేబుల్లో 47 వరుసలో 3 కింద చూస్తే 6749. అంటే 1.6749. రెండోదానికి పాయింటు తర్వాత ఒక సున్నా ఉంది కాబట్టి బార్ 2 (అంటే మైనస్ 2), టేబుల్లో 9170. రెండూ కూడితే 0.5919. దానికి యాంటీలాగ్, అంటే లాగ్ నుంచి వెనక్కి అసలు సంఖ్య, చూస్తే 3.907. నీ కాలిక్యులేటర్ ఈ పని రెప్పపాటులో చేసి 3.90698 అని చూపిస్తుంది. టేబుల్లో వేలు పెట్టి వరుసలు వెతకడం వట్టి చాకిరీ, అది పోవడమే మంచిది.

కానీ టేబుల్ తెరవడానికి ముందే మేం క్యారెక్టరిస్టిక్ వేసుకోవాలి. అంటే జవాబు ఒకట్లలో వస్తుందా, వందల్లో వస్తుందా, పాయింటు తర్వాత ఎన్ని సున్నాలుంటాయి అన్నది మనమే తేల్చుకోవాలి. టేబుల్ ఆ సాయం చేయదు. ప్రతి లెక్కలోనూ అదే పని చేసీ చేసీ అంకెల పరిమాణం మీద ఒక పట్టు వచ్చేది. కాలిక్యులేటర్ వచ్చాక ఆ పట్టు సడలింది. మోటార్ సైకిల్ ఇంజన్లోని షాఫ్టు వ్యాసం 4.2 మీటర్లు అని రాసి, కింద రెండు గీతలు కొట్టిన జవాబు పత్రాలు నేను దిద్దాను. ఆ పిల్లలకు ఫార్ములా వచ్చు, పద్ధతి వచ్చు. యూనిట్లు మార్చే దగ్గర పొరపాటు జరిగితే, వచ్చిన అంకె చూసి ఉలిక్కిపడే అలవాటే లేదు.

దీనికి మందు లాగ్ టేబుల్స్‌ను మళ్లీ తేవడం కాదు. నేను క్లాసులో చేయించేది ఒకటే. కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు జవాబు సుమారుగా ఎంతుంటుందో పేపర్ అంచున రాయాలి. 47ను 50 అనుకో, 0.0826ను 0.08 అనుకో, 4 చుట్టుపక్కల రావాలి. తర్వాత కాలిక్యులేటర్ నొక్కు. రెండూ దగ్గర్లో లేకపోతే ఎక్కడో తప్పు జరిగినట్టే. పది సెకన్ల పని ఇది. ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్), జేఈఈలో కాలిక్యులేటర్ లేకుండా గట్టెక్కి వచ్చినవాళ్లే మీరంతా. బీటెక్‌లో చేరాక ఆ నైపుణ్యాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

డ్రాయింగ్ కూడా ఇలాంటిదే. మినీ డ్రాఫ్టరు, చుట్టిన షీట్లు పట్టుకుని బస్సెక్కడం మా తరానికీ మీ నాన్నగారి తరానికీ ఉమ్మడి అనుభవం. గీత కాస్త మందమైతే చెరిపి మళ్లీ గీయడం, అక్షరాలు ఒకే ఎత్తులో రాయడం కోసం సాయంత్రాలకు సాయంత్రాలు పోయేవి. కంప్యూటర్లోనే డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్ వచ్చి అదంతా తీసేసింది, సంతోషం. ఒక్క మాట మీ నాన్నగారి చెవిన వేయి: మా రోజుల్లో అందరం సొంతంగా గీశామనుకోవద్దు. గాజు పలక కింద బల్బు పెట్టి, సీనియర్ షీటు మీద కొత్త షీటు వేసి గీసేవాళ్లు. దాన్ని జీటీ (గ్లాస్ ట్రేసింగ్) కొట్టడం అనేవాళ్లు. హాస్టళ్లలో పనిచేసిన వార్డెన్లందరికీ ఇది తెలుసు. కాపీ కొట్టడం టెక్నాలజీతో పుట్టలేదు.

డ్రాయింగ్‌లో అసలు చదువు ఎక్కడుందంటే, వస్తువును ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో మనసులో తిప్పి చూసుకోవడంలో. ఇప్పటి 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేస్తే ఆ మూడు వ్యూలూ అదే ఇస్తుంది. మనసులో తిప్పే పని కూడా మిషన్‌కే వెళ్లిపోయింది. అందుకే నేను ల్యాబ్‌లో సిస్టమ్ ఆన్ చేయించే ముందు ఒక పాత పుల్లీనో, బ్రాకెట్టునో చేతికిచ్చి మూడు వ్యూలు పెన్సిల్‌తో రఫ్‌గా వేయమంటాను. గీతలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు. లోపలి రంధ్రం చుక్కల గీతతో సరైన చోట పడిందా లేదా అన్నదే చూస్తాను.

ఇక ప్రోగ్రామింగ్. మూడు తరాల తేడా దీనిలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. మేం ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది చిల్లులు పొడిచి రాసే పంచ్ కార్డుల మీద. ఒక్కో కార్డుకు 80 నిలువు వరుసలు. మొదటి ఐదు వరుసలు స్టేట్‌మెంట్ నంబరుకు, ఏడో వరుస నుంచి 72 దాకా అసలు స్టేట్‌మెంటు. ఒక లైనుకు ఒక కార్డు. కట్ట కట్టి కంప్యూటర్ సెంటర్లో ఇస్తే మర్నాడు వెడల్పాటి కాగితం మీద ఫలితం వచ్చేది. కామా ఒకటి తప్పిపోతే ఆ కాగితం మీద ఎర్రర్ మెసేజ్ తప్ప ఇంకేమీ ఉండదు. కార్డు మళ్లీ పంచ్ చేయాలి, మళ్లీ మర్నాటిదాకా ఆగాలి. కాబట్టి కట్ట ఇచ్చే ముందు ప్రోగ్రాంను కాగితం మీద మేమే నడిపి చూసుకునేవాళ్లం. ఐ విలువ 1 అయితే మొత్తం ఎంత, 2 అయితే ఎంత అని పట్టిక వేసుకునేవాళ్లం. ఆ ఎదురుచూపు వట్టి చాకిరీ. ఆ పట్టిక మాత్రం చదువు.

మీ నాన్నగారిది సీ భాషలో ప్రోగ్రాంలు రాసి నడిపే టర్బో సీ తరం. నీలం రంగు తెర, కంట్రోల్ ఎఫ్9 నొక్కితే రన్, ఆల్ట్ ఎఫ్5 నొక్కితే అవుట్‌పుట్. మర్నాటిదాకా ఆగాల్సిన పని లేదు, తప్పు వెంటనే తెలిసిపోయేది. ఇది చాలా పెద్ద మేలు. ఆ తరానికి దొరికిన ఒక మంచి పాఠం చెప్తాను. ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ హెచ్చించడం) ప్రోగ్రాం రాయమంటే 7 దాకా సరిగ్గా వచ్చేది, 5040. 8 ఇస్తే 40320 రావాల్సింది పోయి మైనస్ 25216 అని వచ్చేది. క్లాసంతా గగ్గోలు. అప్పుడు చెప్పేవాణ్ణి: ఆ కంపైలర్లో ఇంటీజర్‌కు 16 బిట్లే, అందులో పట్టే పెద్ద సంఖ్య 32767, అది దాటితే మైనస్ వైపు తిరిగిపోతుంది, 40320లోంచి 65536 తీసేసి చూడండి అని. తీసేస్తే సరిగ్గా మైనస్ 25216. కంప్యూటర్ లోపల అంకెలు ఎలా ఉంటాయో ఆ ఒక్క తప్పు చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఇప్పటి కంపైలర్లలో ఇంటీజర్ మామూలుగా 32 బిట్లు కాబట్టి 12 దాకా బాగానే ఉంటుంది, 13 దగ్గర జవాబు తప్పుతుంది. నువ్వే చేసి చూడు.

నీ తరం విషయానికొస్తే, 2022 నవంబర్ చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం అడిగితే అది పెద్ద ఇంటీజర్ టైప్ వాడి, తప్పుడు ఇన్‌పుట్ ఇస్తే ఏం చేయాలో కూడా రాసి, కింద వివరణ పెట్టి ఇస్తుంది. 8 దగ్గర ఏమీ తిరగబడదు. గగ్గోలూ లేదు, పాఠమూ లేదు. రికార్డు శుభ్రంగా ఉంటుంది. వైవాలో, అంటే నోటి పరీక్షలో, కూర్చోబెట్టి "ఈ లూపు మూడోసారి తిరిగేటప్పుడు సమ్ విలువ ఎంత?" అని అడిగితే మౌనం. వాళ్లు మందబుద్ధులేం కాదమ్మా. మాకు పంచ్ కార్డు బలవంతంగా నేర్పిన పట్టికను వాళ్లకు ఎవరూ నేర్పలేదు, అవసరమూ పడలేదు. ఇప్పుడు నేను ప్రోగ్రామింగ్ వైవాలో కోడ్ చదవమనను. ఒక తెల్ల కాగితం ఇచ్చి, వాళ్లు తెచ్చిన ప్రోగ్రాంకే విలువల పట్టిక వేయమంటాను. కోడ్ ఎవరు రాశారన్నది అడగను. పట్టిక వేయగలిగితే అది వాళ్లదే.

క్లాస్‌రూంలోకి వచ్చిన మార్పుల్లో నాకు గట్టిగా అభ్యంతరమున్నది ఒకటే, పవర్‌పాయింట్. సర్క్యూట్ బొమ్మలు, ఫోటోలు, గ్రాఫులు చూపించడానికి అది చాలా బాగుంటుంది. కానీ డెరివేషన్ స్లైడులో పెట్టి ఒక్కో లైను కిందికి దింపడం వల్ల క్లాసులకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. బోర్డు మీద సుద్దముక్కతో రాస్తున్నప్పుడు మాస్టారి చేయి ఎంత వేగంగా కదులుతుందో పిల్లల చేయీ అంతే వేగంగా కదులుతుంది. ఒకచోట మాస్టారే ఆగి, వెనక్కి వెళ్లి, గుర్తు మార్చి రాస్తారు. లెక్క చేసేవాళ్ల ఆలోచన ఎలా నడుస్తుందో అక్కడే కనిపిస్తుంది. స్లైడులో అంతా ముందే అయిపోయి ఉంటుంది. "సార్, పీపీటీ గ్రూపులో పెట్టండి" అన్న మాట మొదలైన రోజు నుంచే క్లాసులో పెన్నులు మూతపడ్డాయి. నువ్వు యూట్యూబ్‌లో వినేటప్పుడు కూడా గమనించు, నీకు బాగా అర్థమయ్యే పాఠాల్లో మాస్టారు చేత్తో రాస్తూ చెప్పేవే ఎక్కువుంటాయి.

ఇంతదాకా పోయినవాటి గురించి ఎక్కువ చెప్పాను. వచ్చినవాటి గురించి చెప్పకపోతే అన్యాయం. ఇది మీ నాన్నగారు తప్పకుండా చదవాలి.

కాలేజీ గోడ దాటి పాఠం బయటికి రావాలన్న ప్రయత్నం మన దగ్గర చాలా పాతది. 1968లో తెలుగు అకాడమీ పెట్టి ఇంటర్‌కీ డిగ్రీకీ తెలుగులో పుస్తకాలు వేయడం మొదలుపెట్టారు. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో మొదలైంది, ఇప్పుడు దాన్నే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్నది అప్పట్లో ఎంత పెద్ద విషయమో! ఉద్యోగం చేసుకునేవాళ్లు, పెళ్లయి చదువు ఆగిపోయిన ఆడవాళ్లు ఇంటికొచ్చిన పాఠ్యపుస్తకాలు చదువుకుని, సెలవురోజుల్లో స్టడీ సెంటర్‌కు వచ్చి క్లాసులు వినేవాళ్లు. రేడియోలో కూడా పాఠాలు వచ్చేవి.

1984లో యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీ వాళ్లు దూరదర్శన్‌లో కంట్రీవైడ్ క్లాస్‌రూం అని మొదలుపెట్టారు. కార్యక్రమాలు మంచివే. కానీ ఇంగ్లిష్‌లో, కాలేజీ జరిగే వేళల్లో వచ్చేవి. కరెంటు పోతే ఆ పాఠం అంతే సంగతులు. 2004 సెప్టెంబర్‌లో మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ అని చదువు కోసమే ఒక ఉపగ్రహాన్ని పంపారు. అది కూడా గొప్ప ఆలోచనే, అయినా పాఠం ఎప్పుడొస్తుందో అప్పుడు, తెర ఎక్కడుందో అక్కడే వినాలి. ఆపడానికి లేదు, వెనక్కి తిప్పడానికి లేదు. అసలు మార్పు వచ్చింది ఈ రెండూ విద్యార్థి చేతికి వచ్చినప్పుడు.

2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పూర్తి కోర్సులు ఎవరికైనా ఉచితం. నాకు గుర్తున్నంతలో మొదట్లో మా కాలేజీకి అవి హార్డ్ డిస్కులో వచ్చాయి. లైబ్రరీలో ఓ మూల కంప్యూటర్లో పెట్టాం. తర్వాత యూట్యూబ్‌లోకి వచ్చాయి, 2014 నుంచి సర్టిఫికెట్ పరీక్షలూ పెట్టారు, 2017లో ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. అయినా డేటా ఖరీదు వల్ల హాస్టల్ గదిలో గంటసేపు వీడియో చూడటం అందరి వల్లా అయ్యేది కాదు. 2016 సెప్టెంబర్‌లో జియో రావడంతో ఆ అడ్డు తొలగిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి మా వెనక బెంచీ పిల్లలు కూడా ఐఐటీ ప్రొఫెసర్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ కాలంలోనే మన పల్లెటూరి పిల్లల కోసం ఇంకో ప్రయోగం జరిగింది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ (ఆర్జీయూకేటీ) క్యాంపస్‌లు పెట్టి, పదో తరగతిలో బాగా చదివిన పల్లె పిల్లల్ని నేరుగా ఆరేళ్ల కోర్సులో చేర్చుకున్నారు. ఒక్కొక్కరికీ ల్యాప్‌టాప్ ఇచ్చి కంప్యూటర్ ద్వారా పాఠాలు చెప్పారు. దాని మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న శాస్త్రవేత్త. ఇంట్లో కరెంటు బల్బు తప్ప ఇంకో యంత్రం లేని పిల్ల చేతికి పదిహేనేళ్ల వయసులో సొంత కంప్యూటర్ రావడం మాటల్లో చెప్పేది కాదు. ఆ ప్రయోగంలో లోటుపాట్లు ఉన్నాయి, కానీ ఆ పిల్లల్లో ఎంతోమంది ఈ రోజు ఎక్కడున్నారో చూస్తే నాకు గర్వంగా ఉంటుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటర్ దాకా తెలుగులో చదివి బీటెక్ మొదటి సంవత్సరంలో అడుగుపెట్టగానే ఇంగ్లిష్ పాఠం విని కుప్పకూలిపోయినవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. తెలివిలో ఎవరికీ తీసిపోరు. "సార్, అర్థం కాలేదు" అని నలుగురిలో అనలేక బ్యాక్‌లాగులు పెంచుకున్నారు. ఈ రోజు అదే పిల్లవాడు హాస్టల్‌కి వెళ్లి అదే టాపిక్ తెలుగులో చెప్పిన వీడియో చూసి, మర్నాడు క్లాసుకు ధైర్యంగా వస్తున్నాడు. 2021లో తెలుగులోనూ బీటెక్ చెప్పుకోవచ్చని ఇంజనీరింగ్ చదువులను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతించింది. చేరేవాళ్లు తక్కువే. కానీ తెలుగులో వివరణ విని ఇంగ్లిష్‌లో పరీక్ష రాసేవాళ్లు లక్షల్లో ఉంటారని నా నమ్మకం. చాట్‌జీపీటీని కూడా మావాళ్లు ఎక్కువగా వాడేది దీనికే, "ఈ పేరా తెలుగులో విడమరిచి చెప్పు" అని. దీన్ని బద్ధకం అనడం తప్పు.

ఆడపిల్లల సంగతి ఎవరూ పెద్దగా రాయరు. 2000ల మొదట్లో మా ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లంటే చీకటి క్యాబిన్లు, నిండా మగపిల్లలు. రిజల్ట్స్ వచ్చిన రోజు తప్ప ఆడపిల్లలు అటువైపు వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కాదు. కంప్యూటర్ కోర్సు కోసం హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లి హాస్టల్లో ఉండి నేర్చుకోవడం అన్నదమ్ములకు దొరికినంత సులువుగా అక్కచెల్లెళ్లకు దొరకలేదు. ఫోన్ చేతికి వచ్చాక ఆ తేడా చాలావరకు తగ్గింది. అమీర్‌పేటలో వందలమందితో కిక్కిరిసిన హాల్లో చెప్పే పాఠాలే ఇప్పుడు ఇంట్లో కూర్చుని వింటున్నారు.

కోవిడ్ కాలం మాత్రం రెండో వైపు చూపించింది. 2020 మార్చిలో కాలేజీలు మూతపడి క్లాసులన్నీ జూమ్‌లోకి, గూగుల్ మీట్‌లోకి వెళ్లాక, సిగ్నల్ ఉన్న పిల్లలు ఒక తరగతి, లేని పిల్లలు ఇంకో తరగతి అయిపోయారు. ఏజెన్సీ ఊళ్ల నుంచి వచ్చిన మా విద్యార్థులు కొండ ఎక్కి ఫోన్ పట్టుకునేవాళ్లు. ఇంట్లో ఒకటే ఫోనుంటే అన్న క్లాసు అయ్యాక చెల్లి క్లాసు. నేను అరవైమందికి చెప్తున్నాననుకుని నల్లటి గళ్లవైపు చూస్తూ మాట్లాడేవాణ్ణి. ముఖం కనిపించకపోతే ఎవరికి అర్థం కాలేదో మాస్టారికి తెలియదు. వీడియో పాఠానికి ఉన్న పెద్ద లోటు అదే. అది నీ కనుబొమలు ముడిపడటం చూడదు. నువ్వు అడిగేదాకా ఆగదు. ల్యాబులూ అంతే. వర్చువల్ ల్యాబ్స్‌తో ఐఐటీలు, హైదరాబాద్ ట్రిపుల్ఐటీ లాంటి సంస్థలు మంచి పని చేశాయి, కానీ సిమ్యులేషన్లో వైరు లూజ్ కాంటాక్ట్ అవ్వదు. బ్రెడ్‌బోర్డు మీద సర్క్యూట్ పనిచేయనప్పుడు మల్టీమీటర్ పెట్టి ఒక్కో పాయింటూ వెతకడమే ల్యాబ్ నేర్పే అసలు పని. అవకాశమున్న ప్రతిసారీ చేత్తో చేసే ల్యాబ్‌కే వెళ్లు.

మారనిది ఒక్కటే, పరీక్ష. ఇన్ని మారినా యూనిట్‌కు ఇన్ని ప్రశ్నలు, వాటిలో ఏదో ఒకటి రాయండి అనే పద్ధతి దాదాపు అలాగే ఉంది. రెగ్యులేషన్ (యూనివర్సిటీ సిలబస్, పరీక్షల నియమావళి) పేరు ఆర్18, ఆర్20, ఆర్22 అని మారుతుంది, అంతే. అందుకే ఎంత గొప్ప సాధనం వచ్చినా చివరికి పరీక్ష ముందు రాత్రి 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' వెతకడానికే పనికొస్తోంది. మా తరంలో గైడు, మీ నాన్నగారి తరంలో ఆల్ ఇన్ వన్, నీ తరంలో యూనిట్ అంతా ఒక్కసారే చెప్పేసే వన్ షాట్ వీడియో. పిల్లలు చెడిపోయారని తిట్టే ముందు యూనివర్సిటీలు ప్రశ్నపత్రం మార్చాలి. ఇంట్లో కూర్చుని పుస్తకాలూ ఇంటర్నెట్టూ ముందు పెట్టుకుని రాసినా కష్టమనిపించే ప్రశ్నలు ఇవ్వడం సాధ్యమే. నేను మిడ్ పరీక్షల్లో ఇచ్చి చూశాను, పిల్లలు బాగా రాశారు కూడా.

నువ్వు రేపటి నుంచి ఏం చేయాలంటే, వీడియో వినేటప్పుడు పెన్ను చేతిలో ఉండాలి. లెక్క మొదలుపెట్టగానే వీడియో ఆపి నీ అంతట నువ్వు రెండు మూడు లైన్లు వేయి, తర్వాత ప్లే చేసి పోల్చుకో. రెట్టింపు స్పీడులో వినడం సినిమా కబుర్లకు ఫర్వాలేదు, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌కు పనికిరాదు. సబ్జెక్టుకు ఒక్క పుస్తకమైనా మొదటి నుంచి చివరిదాకా దగ్గర పెట్టుకో. పది వీడియోలు పది గుర్తులు వాడతాయి, పుస్తకం ఒకటే గుర్తు వాడుతుంది.

చాట్‌జీపీటీని అడిగే పద్ధతి మార్చు. "ప్రోగ్రాం రాసిపెట్టు" అనకు. ముందు నువ్వు రాసి, అది అతికించి, "తప్పు ఎక్కడుందో చెప్పొద్దు, ఏ ఇన్‌పుట్ ఇస్తే ఇది తప్పు జవాబిస్తుందో మాత్రం చెప్పు" అని అడుగు. మిగతాది నువ్వే పట్టుకో. పరీక్షకు చదివేటప్పుడు "ఈ యూనిట్ మీద నన్ను ఒక్కొక్క ప్రశ్న అడుగు, నేను జవాబిచ్చాకే తర్వాతది అడుగు" అను. ఓపిగ్గా అడుగుతుంది, ఎన్నిసార్లు తప్పు చెప్పినా విసుక్కోదు. ఇంత ఓపిక మా మాస్టర్లలో అందరికీ ఉండేది కాదు. కానీ అది ఇచ్చిన ఫార్ములానూ, రిఫరెన్సునూ పుస్తకంలో చూసి ఖాయం చేసుకో. తప్పును కూడా ఒప్పు చెప్పినంత ధీమాగానే చెప్తుంది. ఇక దానికీ పుస్తకానికీ అందని డౌటు ఉంటే క్లాసు అయ్యాక మీ మేడం దగ్గరికో, సార్ దగ్గరికో వెళ్లు. వచ్చి అడిగే పిల్లలు ఇప్పుడు మరీ తగ్గిపోయారు, వెళ్తే సంతోషంగా చెప్తారు.

ల్యాప్‌టాప్ విషయంలో నా ఓటు నీకే. పాఠాలు వినడానికి, చదవడానికి ఫోన్ చాలు. కోడ్ రాయడానికి, మ్యాట్‌ల్యాబ్ నడపడానికి, రిపోర్టు తయారుచేయడానికి చాలదు. రెండో సంవత్సరం నుంచి ఈ పనులే ఎక్కువ. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్డీ ఉంటే నాలుగేళ్లూ గడిచిపోతాయి. 3డీ డిజైన్, గేమ్స్ పని లేకపోతే విడిగా గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు పెట్టొద్దు. ఇంట్లో ఇప్పుడు వీలు కాదంటే, వారంటీ ఇచ్చే చోట కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్ తీసుకోండి, కొత్తదాని ధరలో సగం లోపే దొరుకుతుంది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, కీబోర్డులో అన్ని కీలూ పనిచేస్తున్నాయో మీ నాన్నగారిని దగ్గరుండి చూడమను. అది కూడా కుదరకపోతే ఈ సెమిస్టర్‌కు కాలేజీ ల్యాబ్ సాయంత్రం ఎంతదాకా తెరిచి ఉంటుందో కనుక్కో. పైథాన్ పని గూగుల్ కోలాబ్‌లో చేసుకోవచ్చు, బ్రౌజర్ ఉన్న ఏ సిస్టమ్‌లోనైనా నడుస్తుంది.